ఏడు బైట్లలో పులీ మేకా

సెల్‌ఫోన్‌లో తెలుగులో 'పులి' అని కొట్టి చూడండి. ఆ చిన్న మాటను దాచుకోవడానికి ఫోనుకు 12 బైట్ల చోటు కావాలి. 'మేక' కాస్త నయం. 9 బైట్లతో సరిపెట్టుకుంటుంది. మరి రచ్చబండ మీద బొగ్గుతో గీసుకుని ఆడే పులీ మేకా ఆట సంగతేమిటి? మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్లు. ఏ కూడలిలో ఎవరున్నారు, చేతిలో ఇంకా ఎన్ని మేకలున్నాయి, ఎన్ని చచ్చాయి, ఇప్పుడు వంతు ఎవరిది... ఈ వివరమంతా కలిపి 7 బైట్లలో పట్టేస్తుంది. అంటే పులి పేరు కన్నా పులి ఆడే ఆటే చిన్నదన్నమాట!

జేబులో గిగాబైట్లు మోసుకు తిరిగే ఈ రోజుల్లో ఏడు బైట్ల లెక్క ఎవరికి కావాలి అనిపించవచ్చు. కావలసిన వాళ్లున్నారు. నలభై ఏళ్ల కిందటి బుల్లి కంప్యూటర్లను అటక మీంచి దించి, దుమ్ము దులిపి, వాటి కోసం ఇప్పుడు కొత్తగా ఆటలు రాస్తున్న వాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పాత ఆటలను మళ్లీ ఆడుకోవడం కాదు, కొత్తవి రాయడం. అదీ మొత్తం 8 కిలోబైట్లో, 16 కిలోబైట్లో మెమరీ ఉన్న యంత్రాల మీద. ఈ పేజీలో మీరు చదువుతున్న వ్యాసాన్ని ఇప్పటి పద్ధతిలో తెలుగులో దాచితే ఆ యంత్రాల్లో పెద్దదానిలో కూడా పట్టదు. అలాంటి చోట ఓ ఆట మొత్తాన్ని, బొమ్మలతో, చప్పుళ్లతో సహా ఇమిడ్చిపెట్టడం వాళ్ల సరదా.

ఈ సరదాకూ ఓరుగల్లుకూ చుట్టరికం ఉంది. అయితే అది తెలియాలంటే ముందు ఆ యంత్రాలను కాస్త పరిచయం చేసుకోవాలి.

నాలుగు పెన్సిల్ సెల్లులతో...

మొదట్లో 'పోర్టబుల్ కంప్యూటర్' అంటే చేత్తో ఎత్తగలిగినది అని మాత్రమే అర్థం. 1981లో అమెరికాలో వచ్చిన ఆస్‌బర్న్-1 బరువు 11 కిలోలు. కుట్టుమిషన్ పెట్టెలా ఉండేది. తెర చూస్తే ఐదంగుళాలు. బ్యాటరీ లేదు, ఎక్కడికి మోసుకెళ్లినా గోడకున్న ప్లగ్గే దిక్కు. ఆ తర్వాత జపాన్ కంపెనీ ఎప్సన్ హెచ్ఎక్స్-20 తెచ్చింది. నాలుగు లైన్ల తెర, 16 కిలోబైట్ల మెమరీ, పక్కనే బుల్లి క్యాసెట్టూ బుల్లి ప్రింటరూ. ఒళ్లో పెట్టుకోవచ్చు అని ధైర్యంగా చెప్పగలిగిన మొదటి యంత్రాల్లో ఇదొకటి.

1983లో వచ్చిన టీఆర్ఎస్-80 మోడల్ 100 వీటన్నిటి కంటే పేరు తెచ్చుకుంది. తయారీ జపాన్ కంపెనీ క్యోసెరాది, అమ్మకం అమెరికాలో రేడియో షాక్ దుకాణాలది. సుమారు కిలోన్నర బరువు. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే దాదాపు ఇరవై గంటలు నడుస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు సిగ్గుపడాల్సిన విషయమే! తెర మీద 8 లైన్లు, లైనుకు 40 అక్షరాలు. లోపలి ప్రోగ్రాములు రాసింది మైక్రోసాఫ్ట్. జపాన్‌కు చెందిన జే సుజుకీతో కలిసి బిల్ గేట్స్ స్వయంగా కూర్చుని రాశాడు. తన చేత్తో పెద్ద ఎత్తున కోడు రాసిన చివరి యంత్రం అదేనని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

దీన్ని అందరికంటే ఎక్కువగా ప్రేమించింది విలేకరులు. స్టేడియం మెట్ల మీద కూర్చుని వార్త కొట్టడం, లోపలే ఉన్న మోడెమ్‌ను టెలిఫోన్ తీగకు తగిలించి ఆఫీసుకు పంపేయడం. సెకనుకు సుమారు 30 అక్షరాలు వెళ్లేవి. మన దగ్గర వార్తల కవరును బస్సుకిచ్చి హైదరాబాద్‌కు పంపుతున్న రోజులవి!

ఈ యంత్రంలో బాగా చవకైన రకానికి మెమరీ 8 కిలోబైట్లు. అందులోంచి యంత్రం తన అవసరాలకు మూడువేల పైచిలుకు బైట్లు తీసుకుంటే వాడుకునేవాడికి మిగిలేది సుమారు 5,000. డిస్కు లేదు. రాసుకున్న ఉత్తరాలూ ప్రోగ్రాములూ కూడా ఆ ఐదువేలలోనే సర్దుకోవాలి. వంట, నిద్ర, చుట్టాలు అన్నీ ఒకే గదిలో నడిచే ఇల్లు లాంటిది. బిడ్డకు ఉయ్యాల కట్టాలంటే ముందు మంచం ఎత్తి గోడకు ఆనించాలి.

ల్యాబ్‌లో పాత స్నేహితుడు

మోడల్ 100 మూత విప్పితే లోపల కనిపించే చిప్ పేరు 80సీ85. ఇంజినీరింగ్ చదివిన వాళ్లు ఈపాటికి ఉలిక్కిపడి ఉంటారు. అవును, అదే 8085. కరెంటు తక్కువ తాగే రకం, అంతే తేడా.

ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన ఈ మైక్రోప్రాసెసర్‌ను మన దేశంలో ఎన్ని బ్యాచుల విద్యార్థులు చదివారో లెక్క కట్టడం కష్టం. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్ఈసీ (2002 నుంచి నిట్) మొదలుకొని, తర్వాత ఆ చుట్టుపక్కల పుట్టుకొచ్చిన కాలేజీల దాకా, ఎలక్ట్రానిక్స్ చదివిన వాడెవడికైనా మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అంటే దశాబ్దాల పాటు ఒకటే బొమ్మ. చెక్కపెట్టెలో ఆకుపచ్చ బోర్డు. క్యాలిక్యులేటర్‌కు ఉన్నట్టు మీటలు. ఎర్రగా వెలిగే ఆరు అంకెలు. నాలుగు అడ్రసుకు, రెండు డేటాకు. చేతిలో ఆప్‌కోడ్‌ల షీటు. 'ఏ'లో ఓ విలువ వేయాలంటే 3ఈ. దూకమనాలంటే సీ3. ఆగిపొమ్మనాలంటే 76. ఒక్క అంకె తప్పు కొడితే ప్రోగ్రామ్ ఏ అడవిలోకి పోతుందో ఎవరికీ తెలీదు. "సార్, కిట్ పనిచేస్తలేదు" అనే మాట వినని ల్యాబ్ అసిస్టెంట్ ఉండడు. ఇంతలో కరెంటు పోతే? గంటసేపు కొట్టిందంతా గోవిందా!

ఇంత తంటాలు పడి చేసేది ఏమిటంటే రెండు సంఖ్యలు కూడడం. పది సంఖ్యల్లో పెద్దది ఏదో పట్టుకోవడం. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చడం. తర్వాత రికార్డు రాయడం, వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పడం, గావ్‌కర్ పుస్తకాన్ని జూనియర్‌కు సగం ధరకు అమ్మేయడం. 8085తో అనుబంధం అక్కడితో సరి. పాసైన తర్వాత దాన్ని మళ్లీ ముట్టుకున్న వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉండరేమో.

ఇక్కడే కాస్త బాధ కలుగుతుంది. ఒక భాష నేర్పించి, ఆ భాషలో పద్దులు తప్ప ఇంకేమీ రాయనివ్వకపోతే ఎలా ఉంటుంది? అచ్చం అలాగే జరిగింది. అదే చిప్, అవే ఆదేశాలు. ఇంకో దేశంలో ఓ కుర్రవాడు వాటితోనే పాములను పాకించాడు, విమానాలను కూల్చాడు, చదరంగం ఆడించాడు. 1997లో అంగారకుడి మీద దిగి తిరిగిన సొజర్నర్ అనే బుల్లి బండిని నడిపింది కూడా 80సీ85 చిప్పే. మన ల్యాబ్‌లో మాత్రం అది జీవితాంతం కూడికలు చేస్తూ ఉండిపోయింది.

దాని చుట్టాలూ తక్కువ వాళ్లేం కాదు. 1974లో వచ్చిన 8080 ఈ వంశానికి పెద్ద. ఇంటెల్‌లో దాని మీద పనిచేసిన ఫెడెరికో ఫాజిన్ బయటికొచ్చి వేరుకాపురం పెట్టి, జైలాగ్ కంపెనీ తరఫున తెచ్చినది జెడ్80. అంటే 8085కు పెదనాన్న కొడుకు వరస. ఇంగ్లండ్‌లో క్లైవ్ సింక్లెయిర్ 1987లో తెచ్చిన జెడ్88 అనే ఒడి కంప్యూటర్‌లో ఉన్నది ఈ జెడ్80 తరహా చిప్పే. పిల్లల చేతుల్లో కోట్ల సంఖ్యలో ఆడిన నింటెండో గేమ్ బాయ్‌లో ఉన్నది కూడా ఆ వంశంలో పుట్టిన మరో చిప్. జెడ్80 అసలు రూపానికి కొత్త ఆర్డర్లు తీసుకోవడం 2024లో ఆగిపోయింది. అది విని కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లున్నారంటే నవ్వుకోకండి!

ఇరుకింటి సర్దుబాటు

తక్కువ మెమరీలో ఆట రాయడం అంటే పెద్ద ఆటను కుదించడం కాదు. ఏది అక్కర్లేదో కనిపెట్టడం. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ రాసినప్పుడు ఆయన ముందున్న ఎలెక్ట్రానికా-60 యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. బ్రాకెట్లను పక్కపక్కన పెట్టి ఇటుకలు చేశాడు. ఆట ఆగలేదు. 1997లో నోకియా 6110 ఫోన్లో వచ్చిన పాము గుర్తుందా? నాలుగు నల్లచుక్కలు. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని ఆడారు. అంతకు ముందే 1982-83లో డేవిడ్ హార్న్ అనే ప్రోగ్రామర్ ఒక్క కిలోబైటు మెమరీ ఉన్న సింక్లెయిర్ జెడ్ఎక్స్81 మీద చదరంగం రాశాడు. మొత్తం 672 బైట్లు. కోట కట్టడం వంటి ఒకటి రెండు ఎత్తులు వదిలేశాడన్న మాటేగానీ, మనిషితో ఎదురుగా కూర్చుని ఆడేది.

మోడల్ 100 మీద రాసేవాళ్లకు కొన్ని ఇబ్బందులు ప్రత్యేకం. దాని తెర నిదానం. బొమ్మ కదిలితే పాతచోట నీడలా కాసేపు మరక కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి తుపాకులు పేలే ఆటల కన్నా, వంతులవారీగా ఆలోచించి ఆడే ఆటలు దానికి నప్పుతాయి. తెర మొత్తం 240 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. దాన్ని వెలిగించడానికి లోపల పది చిన్న చిప్పులు. ఒక్కోటి యాభై చుక్కల వెడల్పును చూసుకుంటుంది, చివరి జంటకు మాత్రం నలభై. ఒక పులి బొమ్మ సరిగ్గా యాభయ్యో చుక్క మీద పడిందనుకోండి, తల ఒక చిప్ వాటా, తోక ఇంకో చిప్ వాటా! అన్నదమ్ముల పొలం గట్టు మీద మొలిచిన చెట్టులా, ఇద్దరినీ విడివిడిగా బతిమాలుకోవాలి. తెలిసినవాడు బొమ్మను ఆ గట్టుకు ఇవతలే ఉంచుతాడు.

బేసిక్ భాషలో రాస్తే ఇంకో గొడవ. ఆ యంత్రం బేసిక్‌లో మామూలుగా ఒక సంఖ్య దాచమంటే, అందులో ఉన్నది ఒకటో రెండో అయినా సరే, 8 బైట్లు కేటాయిస్తుంది. పావుశేరు బియ్యానికి బస్తా సంచి అన్నట్టు. పూర్ణాంకం అని ముందే చెబితే 2 బైట్లకు దిగుతుంది. ఆటకు కావలసిన పట్టికలను ప్రోగ్రాములోనే డేటా లైన్లుగా రాసి, నడిచేటప్పుడు వాటిని చదివి ఇంకోచోట పేరిస్తే ఒకే సామానుకు రెండు అద్దెలు కట్టినట్టే. ప్రతి లైనుకూ లోపల 5 బైట్ల సుంకం ఉంటుంది కాబట్టి లైన్లు తగ్గించాలి. మాటల మధ్య ఖాళీలు తీసేయాలి. అన్నిటికంటే ముందు పోయేవి 'రెమ్' లైన్లు. అవి యంత్రానికి కాదు, చదివే మనిషికి రాసుకునే గుర్తులు. ఇరుకింట్లో గోడ మీద ఫొటోల్లాంటివి.

ఇంకా బిగించాలంటే బేసిక్‌ను వదిలి నేరుగా 8085 ఆదేశాల్లో రాయాలి. వేగం చూస్తే సెకనుకు ఆరు లక్షల చిన్న ఆదేశాలు. ఆటకు అది చాలా ఎక్కువ. ఇప్పుడు ఇదంతా రాయడానికి పాత యంత్రం చేతిలో ఉండాల్సిన పని కూడా లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో మోడల్ 100లా నటించే 'వర్చువల్-టీ' వంటి ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. అందులో పరీక్షించుకుని, అసలు యంత్రం ఉన్నవాళ్లు సీరియల్ కేబుల్‌తో దాంట్లోకి పంపుకుంటారు. హన్మకొండ హాస్టల్ గదిలో కూర్చుని కూడా చేయొచ్చన్నమాట. 3ఈ, సీ3, 76 గుర్తున్న వాడికి సగం పని అయిపోయినట్టే.

పులిని బోనెక్కిద్దాం

సరే, ఏ ఆట రాయాలి? టెట్రిస్‌లూ పాములూ ఇప్పటికే బోలెడున్నాయి. నిదానంగా, వంతులవారీగా, నాలుగు గీతలతో అయిపోయే ఆట కావాలి. మన దగ్గర అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. ఓనగుంటలు, దాడి, అష్టాచెమ్మా, పచ్చీసు. అన్నిట్లో మోడల్ 100 తెరకు కొలత తీసి కుట్టినట్టుండేది పులీ మేకా. కొందరు పులిజూదం అంటారు. తమిళులకు ఆడుపులి ఆట్టం. నేపాల్‌లో దీని చుట్టం బాఘ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు.

మన ఆట బల్ల గుర్తు తెచ్చుకోండి. పైన ఒక శిఖరం. అక్కణ్నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని అడ్డంగా కోస్తూ మూడు గీతలు. ఆ అడ్డగీతల కొసలను కలుపుతూ అటొకటి ఇటొకటి నిలువు గీతలు. అడుగున ఇంకో గీత. మొత్తం పది గీతలు. అంటే తెర మీద బల్ల గీయడానికి 'లైన్' అనే ఆదేశం పదిసార్లు ఇస్తే చాలు. కూడళ్లు లెక్కపెట్టండి. శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు. మొత్తం 23.

ఒక్కో కూడలికి మూడే స్థితులు. ఖాళీ, పులి, మేక. బిట్ అంటే వెలిగే ఆరే బల్బు అనుకుంటే, రెండు బల్బులతో నాలుగు రకాల సైగలు చేయొచ్చు. మనకు మూడు చాలు. 23 కూడళ్లకు 46 బిట్లు. చేతిలో ఉన్న మేకల సంఖ్యకు 4 బిట్లు, చచ్చిన మేకలకు 4, వంతు ఎవరిదో చెప్పడానికి 1. మొత్తం 55. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఏడు బైట్లలో ఇమిడిపోయి, ఒక బిట్ మిగిలింది కూడా! అదే బేసిక్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే ఆ 23 కూడళ్లకే 184 బైట్లు తినేది.

ఏ కూడలి నుంచి ఎటు నడవచ్చో యంత్రానికి తెలియాలి. కూడలికీ కూడలికీ మధ్య దారులు 38. రెండు వైపులా రాస్తే 76 బైట్లు, ఒక్కో కూడలి జాబితా ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తుకు ఒకటి చొప్పున 23. వెరసి 99. పులి మేకను దూకి చంపాలంటే వరుసగా మూడు కూడళ్లు ఒకే గీత మీద ఉండాలి. అలాంటి మూళ్లు బల్ల మొత్తం మీద 28 ఉన్నాయి. ఓపికుంటే కాగితం మీద గీసి లెక్క సరిచూడండి. మూడేసి బైట్ల చొప్పున 84. తెర మీద ఏ కూడలి ఎక్కడుందో చెప్పడానికి 46. అన్నీ కలిపితే 236 బైట్లు.

ఇంటెల్ 8085తో పాటు తెచ్చిన శిక్షణ కిట్ ఎస్‌డీకే-85లో మొదట ఉండే మెమరీ 256 బైట్లు. ల్యాబుల్లో మనవాళ్లు వాడిన కిట్లకు అది పెద్దమ్మ లాంటిది. అంటే పులీ మేకా బల్లా, దారులూ, దూకుళ్లూ అన్నీ అందులో సర్దినా ఇంకా ఇరవై బైట్లు మిగులుతాయి! ప్రోగ్రాముకు మాత్రం వేరే చోటు చూసుకోవాలి.

ఇద్దరు మనుషులు ఆడుకుంటే ఇక పెద్దగా పనిలేదు. యంత్రమే పులిగా ఆడాలంటే? అదీ మరీ కష్టం కాదు. ఆ 28 వరుసలనూ ఒక్కసారి తడిమి, పులి-మేక-ఖాళీ అని ఎక్కడైనా కుదిరిందా అని చూడాలి. కుదిరితే దూకాలి. మేక చచ్చినప్పుడు 'సౌండ్' ఆదేశంతో ఓ కూత. లేకపోతే ఎక్కువ దారులున్న చోటికి నడవాలి. పులి ఆకలి మీద ఆడుతుంది కాబట్టి ఇంతే దాని తెలివి. యంత్రం మేకగా ఆడాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. మేకలకు ఒక్కరి తెలివి చాలదు, పదిహేను మందీ ఒకరి వెనక ఒకరు నిలబడాలి. ఈ మేకను ఇక్కడ పెడితే పులి ఎటు పోతుంది, అప్పుడు మనం ఏం చేయాలి, దానికది ఏం చేస్తుంది... ఒక్కో అడుగు ముందుకు చూసేకొద్దీ లెక్క పదింతలవుతూ పోతుంది. మెమరీ సరిపోతుంది గానీ కాలం సరిపోదు. ఆరు లక్షల ఆదేశాల యంత్రం కూడా బుగ్గన చెయ్యి పెట్టుకు కూర్చుంటుంది. ఊళ్లో పది మేకలను కాచుకుంటూ ఈ ఆటలో పులిని కట్టిపడేసిన వాళ్ల తెలివి ఎంతటిదో అప్పుడు అర్థమవుతుంది.

ఎవరినడగాలి?

ఇంతవరకూ లెక్కలే. అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. మనిషికి ఆట నేర్పడం వేరు, యంత్రానికి నేర్పడం వేరు. మనిషికైతే "ఆడుతూ ఉంటే నీకే తెలుస్తుందిలే" అని చెప్పొచ్చు. యంత్రం దగ్గర ఆ పప్పులు ఉడకవు. పులులు మూడూ మొదలే బల్ల మీద ఎక్కుతాయా, మేకకొకటి చొప్పున దిగుతాయా? పదిహేను మేకలూ దిగేదాకా బల్ల మీదున్న మేక కదలకూడదా? పులి ఒక మేకను కొట్టి, దాని ముందు మళ్లీ దూకడానికి వీలుంటే ఆ ఊపులోనే రెండోదాన్ని కూడా కొట్టొచ్చా? ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు? చివర్లో ఇద్దరూ ఒకే చోట ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఆట ఎవరిది? కొన్ని ఊళ్లలో నాలుగు పులులూ పదహారు మేకలూ పెట్టి ఆడతారు. అప్పుడు చేతిలోని మేకలకు నాలుగు బిట్లు చాలవు, పైన మిగిలిన ఆ ఒక్క బిట్టూ ఖర్చయిపోతుంది.

ఈ ప్రశ్నలకు జవాబు ఏ మైక్రోప్రాసెసర్ పుస్తకంలోనూ ఉండదు. ఆడినవాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు అరుగుల మీద, గుడి మంటపాల్లో, పశువులు మేసే చెలకల్లో ఆడారు. ఆట ముగియగానే చింతగింజలు ఏరి కొంగున ముడేసుకున్నారు. బొగ్గు గీతలు వానకు కొట్టుకుపోయాయి. అలా ఆడిన వాళ్లకు ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో. వాళ్ల మనవళ్ల ఫోన్లో ఆటలు వందలున్నాయి, ఈ ఊరి పద్ధతి ఒక్కటి తప్ప. ఇక యంత్రాల వయసు కూడా తక్కువేం కాదు. మోడల్ 100 లోపల మెమరీని బతికించే చిన్న బ్యాటరీ ముసలిదై కారిపోతే, ఆ క్షారం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. వాటిని బాగుచేసేవాళ్లు మొదట చేసే పని ఆ బ్యాటరీని పీకేయడమే. దాని క్యాలెండర్‌లో సంవత్సరం ముందు '19' అని శాశ్వతంగా అచ్చేసి ఉంది. 2000 అనే సంవత్సరం ఒకటి వస్తుందని, అప్పటికీ తమ యంత్రం నడుస్తూ ఉంటుందని చేసినవాళ్లు అనుకోలేదు!

కాబట్టి సెలవులకు ఇంటికొచ్చిన ఇంజినీరింగ్ కుర్రవాడు ల్యాప్‌టాప్ తెరిచే ముందు నాయనమ్మ దగ్గర కూర్చోవాల్సి ఉంటుంది. "పులి ఒక్కపారే రెండు మేకలను కొట్టొచ్చా?" అనడిగితే, "అట్లెట్ల కొడ్తది బిడ్డా, ఒక్కటి కొట్టి ఆగాలె" అని ఆమె అనవచ్చు. పక్క ఊరి నుంచి కాపురానికొచ్చిన పెద్దమ్మ "మా దిక్కు కొడ్తది" అనవచ్చు. ఇద్దరిలో ఎవరి మాట వింటే ప్రోగ్రాములో ఆ ఒక్క ఆదేశం అటూ ఇటూ మారుతుంది. ఇంట్లో గొడవ ఎందుకనుకుంటే మోడల్ 100కు ఎనిమిది ఫంక్షన్ మీటలున్నాయి. ఎఫ్1 నొక్కితే నాయనమ్మ పద్ధతి, ఎఫ్2 నొక్కితే పెద్దమ్మ పద్ధతి అని పెట్టుకోవచ్చు. దానికి ఖర్చయ్యేది ఓ పది పన్నెండు బైట్లు.

ఇంకో పాతిక బైట్లు మిగిలితే ఒక 'రెమ్' లైను ఉంచుకుంటే బాగుంటుంది. ఆ లైనును యంత్రం చదవకుండా దాటిపోతుంది. చోటు చాలనప్పుడు మొదట తీసేయాల్సింది దాన్నేనని ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ తెలుసు. అయినా సరే. ఆ పద్ధతి ఏ ఊరిదో, ఎవరు చెప్పారో అందులో రాసిపెట్టొచ్చు.